మొక్కే బిడ్డ

భోపాల్‌పట్నం
ఆగస్టు

నా చెల్లె నందేకు,

ఏడో నెలలోనే నేలమీద పడ్డ పసివాడి ముక్కులో ఊపిరి ఊదినవాడు నీ ఇంటిమీద చెయ్యి చాచి ఉండుగాక.

నీ ఉత్తరం జీపు దేవేంద్ర పొద్దున్నే తెచ్చిచ్చాడు. మీ ఊళ్ళో ఫోను అందకపోవడం ఒకందుకు మంచిదే, నువ్వు రాసింది పదేసిసార్లు చదువుకోగలుగుతున్నాను. అప్పుడు లారీ టైరు విప్పుతున్నాను. మసి చేతులతోనే కాగితం విప్పాను. చదివి, టైరు అక్కడే వదిలేసి, పంచరు దుకాణం ముందు రోడ్డుమీదే మోకాళ్ళూనాను. లారీవాడు బెదిరిపోయి ఏందన్నా, ఎవరైనా పోయారా అన్నాడు. పోలేదురా, నా మేనల్లుడు ప్రార్థన మొదలుపెట్టాడు అన్నాను.

మంగల్ నిద్ర లేవగానే తల ముందుకు వాలుస్తాడని, రెండు చేతులూ చాచి దగ్గరికి తెస్తాడని, నడుము దాకా వంగి లేచి మళ్ళీ వంగుతాడని, ఒకదాని వెంట ఒకటి వస్తూనే ఉంటాయని రాశావు. రాసి, ఇదేమన్నా జబ్బా అన్నా అని అడిగావు. నీకు అక్షరాలు నేర్పింది నేను. పరిశుద్ధ గ్రంథం మోకాలిమీద పెట్టుకుని, అందులోనే నేర్పాను. తల్లి కడుపులో ఉండగానే ప్రభువును గుర్తుపట్టి గంతులేసిన బిడ్డ కథ నీ వేలితో కూడబలుక్కుని చదివావు. కడుపులో గంతులేసినవాడు ఉన్నప్పుడు, ఒడిలో మొక్కేవాడు ఉండకూడదా?

వాడు ఎట్లా వచ్చాడో మరిచావా? అరన్‌పూర్ దారిలో, కదిలే జీపులో, నెలలు నిండకుండా, ఏడవకుండా, నీలంగా. దంతెవాడలో అద్దాల పెట్టెలో ఎలుకపిల్లలా పడుకున్నప్పుడు నేను బయట నిలబడి దేవుణ్ణి బతిమాలుకోలేదు, ఆయనతో పోట్లాడాను. ఇస్తావా ఇవ్వవా అని గోడకేసి తల కొట్టుకున్నాను. ఇచ్చాడు. ఇచ్చినవాడికే వాడు ఇప్పుడు మొక్కుతున్నాడు.

ఇక మీ ఆయనకు అన్నయిన పొజ్జా సంగతి. వడ్డె, ఊరి దేవరల పూజారి కాబట్టి పూజలు చేసుకోనీ, నాకేం పట్టదు. కానీ బిడ్డకు గాలి సోకింది, ఇనుము కాల్చి వాత పెడితే పోతుంది అన్నాడట. ఈ మాట వాడికి చదివి వినిపించు: ప్రభువుకు మొక్కే బిడ్డ మీదికి ఇనుము ఎత్తిన చెయ్యి మళ్ళీ దించడానికి పనికిరాకుండా చేస్తాను. నేను ప్రసంగంలో అబద్ధం ఆడను, దుకాణంలోనూ ఆడను.

వచ్చే ఆదివారం మీ ఊరి రేకుల షెడ్డులో ప్రార్థన కూడిక పెడుతున్నాను. బిడ్డను మన విశ్వాసి సుక్కి ఒళ్ళో పడుకోబెట్టు. లేచే వేళకు నా చేతికివ్వు. జనం కళ్ళారా చూడాలి.

నీ అన్న,
రామనర్సయ్య

నడిమిపాడు, జగర్గుండా దారి
సెప్టెంబరు

అన్నకు నందే దండాలు.

నువ్వు మంగల్‌ను రెండు చేతులమీద పైకెత్తినప్పుడు జనం బోర్లా పడ్డారు. నేనూ పడ్డాను. ఆ రోజు నాకు ఏ సందేహమూ లేదు. ఆ తరువాతి సంగతులు రాస్తున్నాను.

నువ్వు వెళ్ళినప్పటి నుంచి రోజూ తెల్లారకముందే వాకిట్లో జనం. వాగు అవతలి ఊళ్ళనుంచి కూడా వస్తున్నారు. లేచినప్పుడే మొక్కుతాడని తెలిసిపోయింది కదా, అందుకని నిద్రపోతున్న బిడ్డను బుగ్గ గిల్లి లేపుతున్నారు. సుక్కి అయితే మరీ. లేపవే, మా తమ్ముడికి జరం, ఒక్కసారి మొక్కించు అంటుంది. వాడేమన్నా గుడిగంటా అని మా ఆయన సన్న కసిరితే, సాతాను మీ ఆయన నోట్లో కూర్చున్నాడు అంది.

కిందటి వారం ఊరి మగవాళ్ళు కర్రలతో వచ్చారు. మన ఊరి బిడ్డ పరాయి దేవుడికి మొక్కడం వల్లే వానలు నిలిచాయని వాళ్ళ మాట. షెడ్డు రేకులు పీకి మడతపెట్టి తొక్కారు. సన్న అడ్డం వెళ్ళాడు. పళ్ళు రాలాయి, పెదవి చీలింది. జావ తప్ప ఏమీ మింగలేకపోతున్నాడు. పొజ్జా బావ ఆ గుంపులో లేడు. ఈ మాట నమ్ము.

అన్నా, ఒకటి అడుగుతాను, కోప్పడకు. మొక్కడం అయ్యాక మంగల్ ఎవరో తొక్కినట్టు ఏడుస్తాడు. ప్రార్థన చేసినవాడు అట్లా ఏడుస్తాడా? ఇదివరకు సన్న ఈల వేస్తే నోరంతా తెరిచి నవ్వేవాడు. ఇప్పుడు ఈల వేసినా తల తిప్పడు. నా ముఖంలోకి చూడడు. ఒళ్ళోనే ఉంటాడు, కానీ ఎక్కడికో వెళ్ళిపోతున్నాడు. మొక్కిన ప్రతిసారీ కొంచెం దూరం.

బిడ్డ కడుపుమీద వాతలు పడ్డాయి. పొజ్జా బావ ఇంట్లో, కొడవలి మొనతో. దేవేంద్ర నోట నీకెట్లాగూ తెలుస్తుందని నేనే రాస్తున్నాను. ఇంతకన్నా అడగకు. పుండ్లకు ఆకుపసరు రాస్తున్నాను, మానుతున్నాయి. మొక్కడం మాత్రం ఆగలేదు.

నువ్వు రావద్దు. రాక ఆగలేకపోతే, చేతిలో ఏమీ పట్టుకోకుండా రా.

నందే

దంతెవాడ జైలు
అక్టోబరు

చెల్లెకు,

చేతిలో పట్టుకునే వచ్చాను. నీకు తెలుసు, నువ్వు గడపలో నిలబడి చూశావు. అయినా నా నోటితో చెబుతాను, ఎందుకంటే ఇక్కడ పోలీసులు రాసుకున్నదాంట్లో తాగి గొడవ అని ఉంది. నేను చుక్క ముట్టనివాణ్ణని నీకు తెలుసు.

పొజ్జా వాకిట్లో చేపల బుట్ట అల్లుకుంటున్నాడు. నన్ను చూసి లేచి, రా బావా, కూర్చో అన్నాడు. కూర్చోలేదు. ఏ చేత్తో పెట్టావు అని అడిగాను. వాడు నీ వైపు ఒకసారి చూసి, కుడి చెయ్యి చాపాడు. దాచుకోలేదు, పరిగెత్తలేదు. టైరు విప్పే రాడ్డు దించాను. మొదటి దెబ్బకు ముంజేయి వంగింది. రెండో దెబ్బకు ఎండుకట్టె విరిగిన చప్పుడైంది. ఆ చప్పుడు విని నాకు సంతోషం కలిగింది, చెల్లె. అబద్ధమెందుకు రాయాలి? మోషే ఐగుప్తువాణ్ణి కొట్టి ఇసుకలో కప్పెట్టాడు, దేవుడు ఆ చేతికే కర్ర ఇచ్చాడు. నేను పశ్చాత్తాపపడను. వాడి ఎముక అతుక్కుంటుంది, బిడ్డ కడుపుమీది మచ్చలు వాడితోపాటే పెరుగుతాయి.

ఇక్కడ నా బారకులో ప్రార్థన మొదలుపెట్టాను. దొంగలు, తాగి పెళ్ళాలను కొట్టినవాళ్ళు, అడవిలో పట్టుబడ్డవాళ్ళు. మంగల్ కథ చెబితే అందరూ ఏడ్చారు. ఒకడు తన తాయెత్తు తెంపి పారేశాడు.

ఒక కానిస్టేబులు మన భోపాల్‌పట్నంవాడే. పొజ్జాను ఆస్పత్రికి తెచ్చిన జీపులోనే నువ్వూ బిడ్డతో వచ్చావని, ఇంకా తిరిగి వెళ్ళలేదని అన్నాడు. కట్టు కట్టింది పొజ్జాకు గదా, నువ్వెందుకు ఆగావు? వెంటనే రాయి.

రామనర్సయ్య

దంతెవాడ, ఆస్పత్రి వరండా
అక్టోబరు

అన్నా,

ఎందుకు ఆగానో రాస్తున్నాను. నెమ్మదిగా చదువు.

పొజ్జా బావ చేతికి కట్టు కడుతుంటే నేను బల్లమీద కూర్చున్నాను. ఒళ్ళో నిద్రపోతున్న మంగల్ లేచాడు. లేవగానే మొదలైంది. తల వాలడం, చేతులు చాచడం, వంగడం. అటుగా పోతున్న పిల్లల డాక్టరమ్మ ఆగిపోయింది. వంగి చూస్తూ నిలబడింది, మళ్ళీ మళ్ళీ వచ్చేవి అయిపోయేదాకా కదల్లేదు. ఎన్నాళ్ళనుంచి అని హిందీలో అడిగింది. నువ్వు చెప్పిన మాటే చెప్పాను, ప్రభువుకు మొక్కుతున్నాడని. ఆమె నవ్వలేదు, తిట్టలేదు. నర్సు సీత కిరందుల్ గనుల టౌన్‌షిప్‌లో పెరిగిన తెలుగమ్మాయి. ఆమెచేత తెలుగులో చెప్పించింది.

"ఇది మొక్కడం కాదమ్మా. ఫిట్స్."

ఫిట్స్ అంటే నురగ కక్కి పడిపోవడం కదా అన్నాను. పసిపిల్లలకు ఇట్లా కూడా వస్తాయట, లేచే వేళ, వరసగా. నెలలు నిండకుండా పుట్టినవాళ్ళ తలలో రక్తనాళాలు గుడ్డు లోపలి పొరంత పలచగా ఉంటాయట. పుట్టినప్పుడు ఊపిరి అందక, ఆ నాళాలు చిట్లి, మెదడులో గాయమైంది. ఇప్పుడు ఆ గాయంలోంచి నిప్పురవ్వలు లేస్తున్నాయి. లేచినప్పుడల్లా వాడు నేర్చుకున్నది కొంత కాలిపోతుంది. నవ్వు అట్లాగే పోయింది అన్నా. ఈల అట్లాగే పోయింది.

జగదల్‌పూర్ పంపి తలకు తీగలు అంటించి చూపించారు. కాగితంమీద గీతలు పిచ్చిపట్టినట్టు ఉన్నాయి. ఇంకా ముందే తేవలసింది అంది డాక్టరమ్మ. అంతకుమించి ఒక్క మాట అనలేదు. అంటే బాగుండేది.

చిన్న తెల్లమాత్రలు ఇచ్చారు. నూరి, పాలలో కలిపి, చెంచాతో పట్టాలి. వాడి ముఖం ఉబ్బుతుంది, రోజంతా ఆకలంటాడు, చికాకుపడతాడు, భయపడొద్దన్నారు. ఒక్కమాట మాత్రం సీత నాచేత మళ్ళీ చెప్పించుకుంది: మా అంతట మేము మందు ఆపకూడదు. ఆపాలన్నా కొంచెం కొంచెంగా వాళ్ళే తగ్గిస్తారు. ఒక్కసారిగా ఆపితే ప్రాణంమీదికి వస్తుంది.

మందు మొదలైంది. రేపు ఊరికి వెళుతున్నాం. నీ మీద నాకు కోపం లేదు. పొజ్జా బావ కూడా నిన్నేమీ అనలేదు. రాత్రి నొప్పికి పళ్ళు కొరుక్కుంటాడు, అంతే.

నందే

దంతెవాడ జైలు
నవంబరు

నందేకు,

నీ ఉత్తరం చదివి బారకు గోడను గుద్దాను.

ఒకప్పుడు పిల్లలు లేని ఒక స్త్రీ మందిరంలో నిలబడి పెదవులు మాత్రం కదుపుతూ ప్రార్థించింది. అక్కడి యాజకుడు చదువుకున్నవాడు, పెద్దవాడు. ఆమెను చూసి ఏమన్నాడు? తాగావు, మత్తు దించుకో పో అన్నాడు. ఆమె ప్రార్థనను రోగమన్నాడు. ఆ యాజకుడే ఇప్పుడు తెల్లకోటు వేసుకుని దంతెవాడలో తిరుగుతున్నాడు. నువ్వు ఆ స్త్రీలా నిలబడి జవాబు చెప్పవలసింది పోయి, తల ఊపి మాత్రలు తెచ్చుకున్నావు.

తీగలు అంటించి గీతలు చూశారా? దేవుడి వేలు బిడ్డ తలమీద ఉంటే గీతలు పిచ్చిగా కాక పొలం చాలులా ఉంటాయా? పొజ్జా ఇనుముతో ఆపబోయాడు, వీళ్ళు మాత్రతో ఆపబోతున్నారు. ఇనుము బయట కాలుస్తుంది, మాత్ర లోపల. నాకు తేడా కనబడలేదు. ముఖం ఉబ్బుతుందని వాళ్ళే చెప్పారు కదా. విషానికి కాకపోతే ముఖమెందుకు ఉబ్బుతుంది?

ఈ బారకులో నలభైమంది ఆ బిడ్డ పేరు చెప్పి మోకాళ్ళూనుతున్నారు. వాళ్ళతో ఏమని చెప్పను, అది జబ్బురా, లేచి దులుపుకోండి అని చెప్పనా?

సుక్కికి కబురు పంపాను. నువ్వు మందు మానకపోతే తనే మాన్పించమన్నాను. నీకు కష్టంగా ఉంటుంది, నాకు తెలుసు. నువ్వు ఆ మాత్ర నూరినన్నాళ్ళు నాకు చెల్లె లేదు.

రామనర్సయ్య

దంతెవాడ ఆస్పత్రి
డిసెంబరు

రామనర్సయ్యకు,

అన్నా అని రాయడానికి చెయ్యి రావడం లేదు.

నేను వరి కుప్ప దగ్గర ఉన్నప్పుడు సుక్కి ఇంట్లోకి వచ్చింది. మాత్రలన్నీ వాగులో పోసింది. పోసి, తిరిగి వచ్చి మా అరుగుమీద కూర్చుని పాట పాడుతోంది. నీకు విడుదల వచ్చిందే నందే అంది నాతో. సన్న వాగులోకి దిగి చేతులతో దేవాడు. మాత్రలు నీళ్ళలో ఎంతసేపుంటాయి?

అప్పుడే అడవిలోవాళ్ళ బంద్ పిలుపు వచ్చింది. దారికి అడ్డంగా చెట్లు నరికి పడేశారు, జీపులు తిరగడం లేదు. ఆ రోజు గడిచింది. మర్నాడు మంగల్ కక్కడం మొదలుపెట్టాడు. తరువాత కక్కడానికి కూడా ఓపిక లేదు. ఒళ్ళు వాగురాయిలా చల్లబడింది, కాళ్ళు పట్టి ఎత్తితే గుడ్డముక్కలా వేలాడాయి. నీ కూడికవాళ్ళు వాకిట్లో నిలబడి చూశారు. మొక్కడం ఆగింది, శాంతి దొరికింది అన్నారెవరో.

గొడ్డలి తిరగేసి మొద్దువైపుతో సన్న సుక్కిని కొట్టాడు. భుజం ఎముక విరిగింది. నేను ఆపలేదు. ఆమె జుట్టు పట్టుకుని నేలకు అదిమింది నేనే. నా చేతికి వెంట్రుకలు ఊడివచ్చాయి. ఇది కూడా చదువు, చదివి ఏ కథలో ఉందో వెతుక్కో.

బిడ్డను ఎత్తుకుని దంతెవాడ బయలుదేరాం, సన్న నడిపే మోటార్‌సైకిలు వెంట పొజ్జా బావ నడిచాడు. చెట్టు అడ్డం వచ్చినచోటల్లా ఒంటిచేత్తో బండి వెనక భాగం ఎత్తి దాటించాడు. కట్టు అంచు ఒరుసుకుని రక్తం కారింది. రోడ్డుకు అడ్డం లేనిచోట మమ్మల్ని ఎక్కించి, పొండి, నేను నడిచి వస్తా అన్నాడు. దంతెవాడలో మంగల్ తలలో నరం వెతికి సూది గుచ్చారు. చేతుల్లో నరాలు దొరకలేదు. బతికాడు. నీ దయవల్ల కాదు.

ఇప్పుడు నీకు దాచిన మాట చెబుతాను. వాత అని మొదట అన్నది పొజ్జా బావే. కానీ బిడ్డ గుడ్డ విప్పి కడుపు చూశాక వద్దన్నాడు. మరీ పసి చర్మం, నావల్ల కాదు అని కొడవలి పక్కన పెట్టాడు. నేనే ఆయన కాళ్ళమీద పడ్డాను. మా అన్న ప్రార్థన పని చెయ్యడం లేదు, నీ ఇనుమైనా చేస్తుందేమో చూడు బావా అని ఏడ్చాను. ఆయన కొడవలి మళ్ళీ నిప్పులో పెట్టాడు. మంగల్ కాళ్ళు కదలకుండా పట్టుకున్నది నేను. ఏ చేత్తో అని నువ్వు అడిగినప్పుడు ఆయన నా వైపు చూశాడని రాశావు గుర్తుందా? నేను చెబుతానేమోనని చూశాడు. నేను చెప్పలేదు. ఆయన చెయ్యి చాపాడు.

విరగాల్సింది నా చెయ్యి. దానితోనే ఇప్పుడు మాత్ర నూరుతున్నాను. నీ మనుషులు మళ్ళీ గడప తొక్కితే గొడ్డలి తిరగెయ్యను.

నందే

దంతెవాడ జైలు
జనవరి

చెల్లెకు, ఆ పిలుపుకు నాకింకా హక్కు ఉంటే,

అక్షరాలు వంకరగా ఉంటే కోప్పడకు. నీ ఉత్తరం చదివాక కుడి చెయ్యి చువ్వలకేసి కొట్టుకున్నాను. వేళ్ళు చితికాయి. కట్టు కట్టినవాడు పిచ్చోడా అన్నాడు. కొట్టుకుంటే ఏం వస్తుంది, మాత్రలు తిరిగి రావు, ఆ మాటా తెలుసు.

సాయంత్రం బారకులో వాళ్ళు ప్రసంగానికి గుండ్రంగా కూర్చున్నారు. అబ్రాహాము కొడుకుమీద కత్తి ఎత్తిన చోటు తీశాను. ఆకాశంలోంచి ఆపమని కేక వచ్చింది, ముసలాయన ఆగాడు. నాకూ కేక వచ్చింది. ప్రార్థన చేసినవాడు అట్లా ఏడుస్తాడా అని నువ్వు రాశావు. దానికన్నా పెద్ద కేక ఏముంటుంది? నేను ఆగలేదు. పుస్తకం మూసి, నాకు చదవడం రాదు, వెళ్ళండి అన్నాను. ఇన్నేళ్ళూ ఒంటరిగా చదువుకుని, అడిగేవాడు లేక, నాకు తోచిందే వాక్యమనుకున్నాను.

దీనితోపాటు ఇంకో కాగితం పెట్టాను. కూడికలో చదివించు, సుక్కిచేతే చదివించు. మంగల్‌కు మందు ఆపినవాళ్ళు, ఆపమన్నవాళ్ళు హంతకులని, వాళ్ళలో మొదటివాడి పేరు రామనర్సయ్య అని రాశాను. నా మాటకు ఇంకా బలముంటే ఈ ఒక్కసారికి పనికిరానీ.

కోర్టులో నేరం ఒప్పుకుంటాను. పొజ్జా బావ సాక్ష్యానికి రానక్కర్లేదు. ఆయన్ను నేనేమని అడగను? ఏమీ అడగను. అడిగే నోరు లేదు.

నీకొక్కటే ప్రశ్న. అన్నిసార్లు వంగాడు కదా. అందులో ఒక్కటి కూడా ప్రార్థన కాదా? ఒక్కటుంటే చాలు నందే. ఒక్కటున్నదని చెబితే నేను బతుకుతాను.

రామనర్సయ్య

నడిమిపాడు
ఫిబ్రవరి

అన్నకు,

కాగితం సుక్కి చదివింది. భుజానికి గుడ్డ కట్టుకునే నిలబడి, నీ పేరు వచ్చిన చోట ఆగి, మళ్ళీ మొదటినుంచి చదివింది. వెళ్ళేటప్పుడు నా దగ్గరికి వచ్చి, మాత్రలు పోయకముందే నన్ను కొట్టి ఉండాల్సింది అంది. నేను ఆమెకు మంచినీళ్ళిచ్చాను. అంతకన్నా నావల్ల కాలేదు.

మందు మళ్ళీ మొదటినుంచి వేశారు. జగదల్‌పూర్‌లో మళ్ళీ తీగలు పెట్టి చూశారు, గీతలు నెమ్మదించాయి. ఇప్పుడు కొంచెం కొంచెంగా తగ్గిస్తున్నారు. కాలిపోయింది మాత్రం తిరిగి వస్తుందని డాక్టరమ్మ మాట ఇవ్వలేదు. ఏడాది నిండుతోంది, మెడ ఇంకా నిలవలేదు. కుడి పిడికిలి తెరుచుకోదు. నా ముఖం వాడి కళ్ళకు ఇంకా దొరకలేదు. నడుస్తాడా అని అడిగితే, రోజూ కాళ్ళూ చేతులూ ఎట్లా సాగదీయాలో చూపించింది. నేను కుడివైపు, పొజ్జా బావ ఎడమవైపు. ఆయన చెయ్యి కూడా వంకరగానే అతికింది.

నీ ప్రశ్న డాక్టరమ్మను అడగలేదు, సిగ్గేసింది. నాకు తెలిసింది చెబుతున్నాను. వాడు వంగిన ప్రతిసారీ లోపల ఎక్కడో నిప్పంటుకుంది. అందుకే ఏడ్చాడు. దానికి ప్రార్థన అని పేరు పెట్టనివ్వను అన్నా, నువ్వు బతకడానికైనా సరే. బతకడానికి ఇంకేదైనా వెతుక్కో. జైలునుంచి రాగానే ముందు పొజ్జా బావ వాకిలికి వెళ్ళు, ఆ తరువాత మా ఇంటికి రా.

ఈ పొద్దున కూడా కొందరు కంచె అవతల నిలబడ్డారు. మానలేకపోతున్నారు పాపం. మంగల్ లేచే వేళైంది. సన్న ఊపిరి బిగబట్టాడు, నేనూ బిగబట్టాను. వాడు కళ్ళు తెరిచాడు. కాళ్ళు చాచాడు. ఎవరికీ మొక్కలేదు. కాసేపు ఊరికే పడుకున్నాడు. తరువాత ఏడ్చాడు, ఆకలికి.

నందే